సీబీసీ కాగితంలో ఎంపీవీ: ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

శ్రీకాకుళంలో ఏ ల్యాబ్ బయట నిలబడ్డా "ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయి బాబూ?" అన్న మాట వినిపిస్తుంది. డెంగీ నేర్పిన ప్రశ్న ఇది. కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని తెచ్చినవాళ్లు కూడా సీబీసీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) రిపోర్టులో ముందు దాన్నే వెతుక్కుంటారు. లక్షన్నరకీ నాలుగున్నర లక్షలకీ మధ్య ఉంటే కాస్త కుదుటపడతారు. అదే కాగితంలో ఎంపీవీ అని ఇంకో లైను ఉంటుంది. అంటే ప్లేట్‌లెట్ల సగటు సైజు. పక్షవాతం తీవ్రత దాంట్లో తెలుస్తుందా అన్నదే పరిశోధకుల మధ్య నడుస్తున్న వాదం.

1882లో ఇటలీ డాక్టరు జూలియో బిజ్జొజెరో ప్రాణమున్న జంతువుల రక్తనాళాలను మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. నాళం గోడ దెబ్బతిన్న చోట ముందుగా వచ్చి అతుక్కునేవి ప్లేట్‌లెట్లనే ఈ చిన్న బిళ్లలేనని గమనించాడు. గాయాన్ని పూడ్చే ఆ గుణమే, మెదడుకి వెళ్లే నాళంలో కొవ్వు పొర చిట్లినప్పుడు గడ్డకి పునాది వేస్తుంది. చాలాకాలం వీటిని కంటితో లెక్కపెట్టడమే. అమెరికాలో వాలెస్ కౌల్టర్ 1953లో పేటెంట్ పొందిన పద్ధతి ఆ పని మార్చేసింది. సన్నని రంధ్రం గుండా కణాలు ఒక్కొక్కటే వెళ్తుంటే కరెంటుకి అడ్డం తగులుతుంది. కణం ఎంత పెద్దదైతే అంత అడ్డం. ఇలా లెక్కతోపాటు సైజూ దొరికింది.

ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఖర్చయిపోతుంటే ఎముక మజ్జ పెద్దవాటిని వదులుతుంది. పెద్దవి త్వరగా అతుక్కుంటాయి. అందుకే ఎంపీవీ ఎక్కువుంటే స్ట్రోక్ పెద్దదేమోనని అనుమానం. కొన్ని అధ్యయనాల్లో సంబంధం కనబడింది, కొన్నిట్లో లేదు.

ఈ తేడాకి సగం కారణం రక్తం పట్టే ఊదా మూత గొట్టమేనని నాకనిపిస్తుంది. అందులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. దాని వల్ల బిళ్లలా ఉండే ప్లేట్‌లెట్ ఉబ్బి గుండ్రమవుతుంది. ఎక్కువ ఉబ్బేది మొదటి గంటా రెండు గంటల్లోనే. సోంపేటలో తీసిన శాంపిల్ డబ్బాలో కూర్చుని శ్రీకాకుళం చేరేసరికి ఎంపీవీ పెరిగి ఉంటుంది, రోగిలో ఏ మార్పూ లేకపోయినా. మెషీన్ మారినా అంకె మారుతుంది.

కాబట్టి తీవ్రత చూసేది మంచం దగ్గరే. చెయ్యి ఎత్తి పది సెకన్లు నిలపమంటారు, నవ్వమంటారు, మాట్లాడిస్తారు. సున్నా నుంచి 42 వరకు మార్కులు వేస్తారు; ఎక్కువ వస్తే తీవ్రత ఎక్కువని. గడ్డా, రక్తస్రావమా అన్నది సీటీ స్కాన్ చెబుతుంది. ప్లేట్‌లెట్ల లెక్కకి మాత్రం ఒక పనుంది: లక్షకన్నా తక్కువుంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా ఇవ్వరు. ఆ ఇంజెక్షన్‌కి గడువు నాలుగున్నర గంటలు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం బయల్దేరితే అందులో రెండు గంటలకు పైగా హైవే మీదే పోతాయి. నిద్రలేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే, ఆ గంటల లెక్క మొదలయ్యేది లేచిన వేళ నుంచి కాదు, రాత్రి చివరిసారి బాగా ఉన్నప్పటి నుంచి.