తడిగుడ్డ లెక్క: కావలి ఉక్కపోత, విన్నిపెగ్ చలి

పిల్లల్ని కెనడాకు పంపిన ఇళ్లలో జనవరి వస్తే ఈ మాట రాక తప్పదు. అటు విన్నిపెగ్‌లో మైనస్ 30 డిగ్రీలు. ఇటు కావలిలో తెల్లారి 20 డిగ్రీలకే తల్లి శాలువా కప్పుకుని ఫోన్ పట్టుకుంటుంది. "ఆ చలిలో ఎట్లా ఉంటున్నావు నాయనా?" మే నెలలో ప్రశ్న అటునుంచి వస్తుంది: "ఆ ఎండలో మీరెట్లా ఉంటున్నారమ్మా?" ఇద్దరిలో ఎవరిది ఎక్కువ కష్టం? అలవాటును బట్టి ఉంటుందని చాలామంది దాటేస్తారు. అలవాటుతో కొంత మారుతుందన్న మాట నిజమే. కానీ అలవాటుకు లొంగని లెక్క ఒకటుంది, దాన్ని చూడటానికి చిన్న తడిగుడ్డ చాలు.

కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్లు దాదాపు 100 వాట్ల వేడి పుట్టిస్తూనే ఉంటుంది, పాతకాలపు బల్బు ఒకటి లోపల వెలుగుతున్నట్టు. తాపీ పనిలో, మూటలు మోసే పనిలో అది 400 వాట్లు దాటుతుంది. ఈ వేడి ఎప్పటికప్పుడు బయటికి పోవాలి. ఎండాకాలం చర్మం దాదాపు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకన్నా చల్లగా ఉంటే వేడి దానంతట అదే పోతుంది. గాలి 40 అయితే వేడి ఎదురు తిరిగి మనలోకే వస్తుంది. అప్పుడు మిగిలిన దారి చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. గంటలో అంత ఆవిరైతే 670 వాట్లు తోడేసినట్టు. ఏసీ లేని మనిషికి ఇంతకన్నా గొప్ప యంత్రం లేదు. అయితే ఆవిరైన చెమటే లెక్క. కారి నేలమీద పడిన చెమట చల్లదనం ఇవ్వదు, ఉప్పూ నీళ్లూ మాత్రం పోతాయి.

చెమట ఎంత ఆవిరవుతుందో నిర్ణయించేది గాలి వేడి కాదు, గాలిలోని తేమ. 35 డిగ్రీల తడి చర్మం మీద ఆవిరి పీడనం, అంటే నీటి ఆవిరి తోసే బలం, 42 మిల్లీమీటర్ల పాదరసం. మే నెల మధ్యాహ్నం సముద్రానికి దూరంగా ఉన్న మార్కాపురంలో 43 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుందాం. ఆ గాలిలో ఆవిరి పీడనం 13. అదే పూట సముద్రపు గాలి మళ్లిన కావలిలో 36 డిగ్రీలు, తేమ 65 శాతం అనుకుందాం. అక్కడ 29. చర్మానికీ గాలికీ మధ్య తేడాయే చెమటను లాగే బలం. మార్కాపురంలో 42లో 13 పోతే 29. కావలిలో 42లో 29 పోతే 13. థర్మామీటర్లో ఏడు డిగ్రీలు తక్కువున్న ఊళ్లో చెమట ఆరే బలం సగానికన్నా తక్కువ! ఉక్కపోత అని మనం పిలిచేది ఈ 13నే.

సముద్రం ఒడ్డున ఉప్పు కొటార్లలో పనిచేసేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పడమటి గాలి విసిరితే మళ్లలో నీళ్లు ఇట్టే ఇగిరి ఉప్పు పేరుతుంది. తూర్పు నుంచి తేమగాలి మళ్లితే అదే ఎండలో అదే మడి మందగిస్తుంది. చర్మం కూడా ఒక ఉప్పు మడే.

దీన్ని ఇంట్లో కొలవొచ్చు. గది వేడి చూపే మామూలు థర్మామీటర్లు రెండు కొనండి. ముందు పావుగంట పక్కపక్కన ఉంచి, రెండూ ఒకే అంకె చూపుతున్నాయో లేదో చూడండి. తేడా ఉంటే రాసిపెట్టుకోండి. గంజి పోయేదాకా ఉతికిన పాత పంచె నుంచి జానెడు పీలిక చించి, ఒకదాని బుడ్డికి ఒక్క చుట్టు చుట్టి దారంతో కట్టండి. పీలిక కొస కింద చిన్న గిన్నెలో నీళ్లలో మునగాలి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు వాడొద్దు. వాటిలోని లవణాలు గుడ్డమీద పొక్కు కట్టి నాలుగు రోజుల్లో లెక్క తప్పుతుంది. క్యాన్ నీళ్లు మేలు. నీడలో పెట్టి, ఒక మీటరు దూరం నుంచి టేబుల్ ఫ్యాన్ గాలి తగలనిచ్చి, పది నిమిషాల తర్వాత రెండూ చదవండి. గుడ్డ ఆరిపోయినా, జిడ్డు పట్టినా, ఫ్యాన్ ఆపినా తడి థర్మామీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది.

పైన చెప్పిన మార్కాపురం గాలిలో తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 25 దగ్గర ఆగుతుంది. కావలి గాలిలో 30 దగ్గర. చెమట ఎంత పట్టినా, ఫ్యాన్ ఎంత తిరిగినా చర్మం ఈ అంకెకన్నా కిందికి దిగలేదు. బడిలో "బాష్పీభవనం వల్ల చల్లదనం కలుగును" అని రెండు మార్కులకు బట్టీ పట్టిస్తాం. ఈ రెండు థర్మామీటర్లు తరగతి గోడకు తగిలించి, మే సెలవులకు ముందు నెలరోజులు పిల్లలతో రాయిస్తే ఆ వాక్యం వాళ్లను జీవితాంతం కాపాడుతుంది.

కుండలో నీళ్లు చల్లబడేదీ ఈ అంకె వైపే. అందుకే కుండ మార్కాపురంలో చేసే మేలు సముద్రం ఒడ్డున కృష్ణపట్నంలో చేయదు. రంగు పూసిన కుండ ఎక్కడా పనిచేయదు, రంధ్రాలు మూసుకుపోతాయి కాబట్టి. ఎయిర్ కూలర్ కూడా ఫ్యాన్ బిగించిన కుండే. మంచి కూలర్ గాలిని తడిగుడ్డ అంకె వైపు నూటికి ఎనభై వంతుల దూరం తీసుకెళ్తుంది. మార్కాపురంలో 43కీ 25కీ తేడా 18, అందులో ఎనభై వంతులు 14. అంటే 29 డిగ్రీల గాలి వస్తుంది. కావలిలో 36కీ 30కీ తేడా ఆరే. గాలి 31 దగ్గర ఆగుతుంది, పైగా తడితో నిండిపోయి వస్తుంది. ఆ గాలిలో ఒంటి చెమట ఆరదు. ఎక్కువమంది చేసే తప్పు తలుపులూ కిటికీలూ బిగించి కూలర్ వేయడం. అరగంటలో గది తేమతో నిండి తడిగుడ్డా పొడి థర్మామీటరూ దాదాపు ఒకే అంకెకు వస్తాయి. కూలర్‌ను కిటికీకి ఆనించి, ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి.

మనిషి తట్టుకోగల హద్దు ఎక్కడ? తడిగుడ్డ 35 దాటితే నీడలో, బోలెడు నీళ్లు తాగుతూ, ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకు మించి బతకడం కుదరదని 2010లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న యువకులతో చేసిన ప్రయోగాలు 2022లో వెలువడ్డాయి. తేమగాలిలో తేలికపాటి పనికే తడిగుడ్డ 31 దగ్గర ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. కావలి లెక్కలో మనం చూసిన 30కీ దీనికీ మధ్య ఒక్క డిగ్రీ.

అలాగని మార్కాపురం వాళ్లు నిశ్చింతగా ఉండొచ్చని కాదు. అక్కడ ప్రమాదం వేరు. పొడిగాలిలో చెమట పుట్టీ పుట్టగానే ఆరిపోతుంది, ఒళ్లు పొడిగా ఉండి చెమట పట్టడం లేదనిపిస్తుంది. 43 డిగ్రీల గాలి నుంచి, ఎండ నుంచి వచ్చే వేడి కూడా తోడాలంటే పనిచేసే మనిషికి గంటకు లీటరు దాకా చెమట కావాలి. కడుపు గంటకు లీటరుకు మించి నీళ్లు పీల్చుకోవడం కష్టం. దాహం వేసినప్పుడు తాగుదామనుకుంటే అప్పటికే వెనకబడినట్టు. ఇరవై నిమిషాలకో గ్లాసు చొప్పున తాగాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా. ఉప్పు ఎక్కువైతే మేలు కాదు, కీడు. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకాన్ని మాత్రం దయచేసి వదిలేయండి. ఉల్లిపాయ ఒక్క వాట్ వేడిని కూడా తోడదు. 2015 వేసవిలో మన ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారు.

ఇక విన్నిపెగ్. అక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. చలికి తడిగుడ్డ లాంటి హద్దు లేదు. వేడి పోకుండా ఆపడమే పని, దానికి కావలసింది కదలని గాలి పొర. అంగుళం మందం ఉన్ని చేసే మేలంతా ఉన్ని పోగులది కాదు, వాటి మధ్య చిక్కిన గాలిది. ఇంకా చలిగా ఉంటే ఇంకో పొర వేసుకోవచ్చు. మన దగ్గర చర్మాన్ని మించి విప్పడానికేమీ లేదు.

అక్కడికి వెళ్లే పిల్లలు చేసే తప్పు ఇక్కడి నూలు బనియన్ల మీద ఒక్క లావుపాటి కోటు కొనుక్కోవడం. మైనస్ 30లో బస్సుకోసం నిలబడటానికి కావలసిన బట్ట, వడిగా నడవటానికి కావలసిన దానికి మూడింతలు. నిలబడటానికి వేసుకున్నది వేసుకుని నడిస్తే లోపల చెమట పడుతుంది. నూలు దాన్ని పీల్చుకుని వదలదు. నీరు వేడిని గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా మోసుకుపోతుంది. కావలిలో ప్రాణం నిలిపే చెమటే విన్నిపెగ్‌లో ప్రాణం తీస్తుంది. అందుకే ఒంటికి ఆనుకుని పాలిస్టరో మెరినో ఉన్నో, దానిమీద ఫ్లీస్ (నూగులాంటి మెత్తటి బట్ట), పైన గాలి దూరని జాకెట్. నడక మొదలుపెట్టేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి, చెమట పట్టకముందే జిప్ దించాలి. బిగుతు బూట్లలో రెండు జతల మేజోళ్లు తొడగొద్దు. గాలి పొర నలిగిపోతుంది, రక్తం అందక వేళ్లు గడ్డకడతాయి. వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజులకన్నా నాలుగూ కలిసుండే మిటెన్లు వెచ్చన. మైనస్ 20కి గంటకు 30 కిలోమీటర్ల గాలి తోడైతే చర్మానికి అది మైనస్ 33తో సమానం, కాబట్టి ముక్కు, చెవులు కప్పకుండా బయటికి రావొద్దు. బ్రాందీ వెచ్చదనం ఉత్త భ్రమ. చర్మంలో రక్తనాళాలు విప్పి లోపలి వేడిని బయటికి పారబోస్తుంది.

ఇంటిలోపల వాళ్లకు ఇంకో చిక్కు. మైనస్ 20 గాలి ఘనమీటరులో ఒక గ్రాము మించి ఆవిరి పట్టదు. దాన్ని హీటర్ 21 డిగ్రీలకు తెస్తే తేమ ఐదారు శాతానికి పడిపోతుంది. వంట, స్నానాల ఆవిరి కొంత కలిసినా మార్కాపురం మే మధ్యాహ్నంకన్నా పొడి. పెదాలు పగిలి, ముక్కులో రక్తం వస్తే పిల్లలు కంగారు పడుతుంటారు. గదిలో తేమ పెంచే యంత్రం, హ్యూమిడిఫయర్, లేకపోతే తడిబట్టలు గదిలో ఆరేసుకున్నా సరిపోతుంది. అద్దాలమీద నీరు పేరుకుంటే తేమ ఎక్కువైందని అర్థం.

రోహిణి కార్తెలో ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతూ తూలిపడితే, ఒళ్లు కాలుతుంటే, అది వడదెబ్బే. 108కి ఫోన్ చేయండి, కానీ వాళ్లు వచ్చేదాకా ఆగొద్దు. నీడకు చేర్చి, బట్టలు సడలించి, ఒళ్లంతా తడిపి విసరండి. తెలివిలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. పొడిగాలి ఉండే కనిగిరిలో తడిపి విసరడం చాలా వేగంగా పనిచేస్తుంది. కావలి, సింగరాయకొండ, కృష్ణపట్నం వైపు ఆ తడి తొందరగా ఆరదు. అక్కడ చంకల్లో, గజ్జల్లో, మెడకిరువైపులా గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. చేపల రేవుల దగ్గర ఐసుకు కొదవ ఉండదు.