మీరు ఏ ప్రెస్బిటేరియన్? రంగులు, గుర్తుల మీద అపోహలు - వాస్తవాలు

చర్చిలకి బోర్డులు, బులెటిన్ కవర్లు, పుల్పిట్ గుడ్డలు డిజైన్ చేయడం నా పని, ఎక్కువగా ప్రెస్బిటేరియన్ సంఘాలకే చేస్తాను. కొత్తగా ఎవరు ఫోన్ చేసినా ఒకటే మాట, "మన ప్రెస్బిటేరియన్ లోగో నెట్లో దొరికిందండీ, అదే పెద్దగా వేసేయండి." నేను వెంటనే అడిగేది, మీరు ఏ ప్రెస్బిటేరియన్ అని.

అపోహ: ప్రెస్బిటేరియన్లందరికీ గుర్తు ఒకటే.

వాస్తవం: కాదు కాదు కాదు. ఆ మాట గ్రీకులో 'పెద్ద' అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది, సంఘాన్ని పెద్దలు కలిసి నడిపే పద్ధతికి పేరు అది, ఒక సంస్థ పేరు కాదు. ఏ డినామినేషన్ (సంఘ శాఖ) ముద్ర దానిదే. నెట్లో వెతగ్గానే కనిపించే ముద్ర, సిలువ, పైన పావురం, మధ్యలో తెరిచిన బైబిలు, కింద మంటలు ఉంటాయే, అది ప్రెస్బిటేరియన్ చర్చ్ యూఎస్ఏది. 1983లో రెండు సంఘాలు ఒకటయ్యాక 1985లో పెట్టుకున్నారు. ప్రెస్బిటేరియన్ చర్చ్ ఇన్ అమెరికా పూర్తిగా వేరు, అది 1973లో మొదలైంది. పేర్లు వింటే రెండూ ఒకటే అనిపిస్తాయి, జనం పొరబడేది అక్కడే.

ఒక సంఘం ఇలాగే తమది కాని ముద్రని బోర్డు మీద, లెటర్‌హెడ్ల మీద, కవర్ల మీద వేయించేసుకుంది, రెండేళ్ల తర్వాత గానీ ఎవరూ గమనించలేదు. ట్రెజరర్‌గా ఉన్న పెద్దాయన నాకు ఫోన్ చేసినప్పుడు గొంతు వణుకుతోంది, కానుకల డబ్బు కదా మరి. నేనే వెళ్లి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ స్టిక్కర్ పీకాను, చుట్టూ బోర్డు ఎండకి వెలిసిపోయింది గానీ స్టిక్కర్ కిందున్న నీలం మాత్రం కొత్తగా అలాగే ఉంది, ముద్ర తీసేసినా పావురం రెక్కలు చక్కగా కనబడుతూనే ఉన్నాయి. చివరికి బోర్డే మార్చాల్సొచ్చింది. ఆయన తప్పేం లేదు, ఎవరో ఫార్వర్డ్ చేసిన బొమ్మని నమ్మాడంతే. అందుకే చెప్తున్నా, ప్రింట్‌కి ఇచ్చే ముందు మీ ప్రెస్బిటరీ (మీ ప్రాంతంలోని సంఘాలన్నిటినీ చూసుకునే పెద్దల సభ) ఆఫీసుకి రాసి ఫైలు, అనుమతి రెండూ అక్కడి నుంచే తెప్పించుకోండి, వాట్సాప్‌లో వచ్చింది వద్దు.

అపోహ: సరే, మండే పొద అయితే అందరిదీ కదా.

వాస్తవం: బొమ్మ చాలామందిదే, కింద మాట మాత్రం ఒకటి కాదు. నిర్గమకాండం 3లో మోషే చూసిన పొద అది. ఫ్రాన్స్ రిఫార్మ్డ్ సంఘం 1583లోనే వాడింది. స్కాట్లాండ్‌లో 1691లో చర్చి జనరల్ అసెంబ్లీ (చర్చి పెద్దల మహాసభ) చట్టాలు అచ్చేసిన ప్రింటర్ జార్జ్ మోస్మన్ టైటిల్ పేజీ మీద వేశాడు, అలా నిలబడిపోయింది. వాళ్ల లాటిన్ మాటకి "అయినా అది కాలిపోలేదు" అని అర్థం. ఐర్లాండ్ వాళ్లది "మండుతున్నా పచ్చగానే ఉంది". ఒకరి పొద కింద ఇంకొకరి మాట అతికించిన బులెటిన్లు నా చేతికే వచ్చాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: సెల్టిక్ సిలువ (మధ్యలో చక్రంలాంటి వలయం ఉండే సిలువ) ఉంటే అది ప్రెస్బిటేరియన్ చర్చే. కాదు, ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో ఆ రాతి సిలువలు 1560 నాటి స్కాట్లాండ్ చర్చి సంస్కరణ కంటే కొన్ని వందల ఏళ్ల ముందువి.

అపోహ: నీలం తప్పనిసరి. 17వ శతాబ్దంలో కవనెంటర్లు (తమ విశ్వాసం కోసం ఒడంబడిక చేసుకున్న స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్లు) నీలి జెండాలు పట్టారు, అభిమానం అక్కడిది. రూల్ కాదు.

ఇక గుడ్డల రంగులు. అడ్వెంట్‌కి (క్రిస్మస్ ముందు వారాలు), లెంట్‌కి (ఈస్టర్ ముందు రోజులు) ఊదా, క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి తెలుపు, పరిశుద్ధాత్మ దిగొచ్చిన పెంతెకొస్తు పండక్కి ఎరుపు, మిగతా రోజులకి ఆకుపచ్చ, ఇది మీకు తెలిసిందే. తప్పితే పాపం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. సంస్కరణ కాలంలో మనవాళ్లు ఈ రంగుల్ని పక్కన పెట్టేశారు, మళ్లీ బాగా వాడుకలోకొచ్చింది 20వ శతాబ్దంలోనే, అసలు గుడ్డే వేయని ప్రెస్బిటేరియన్ చర్చిలు ఇప్పటికీ ఉన్నాయి.

ఒకసారి పెంతెకొస్తు ముందు రోజు రాత్రి పదకొండింటికి ఒకావిడ ఫోన్ చేసి ఏడుపు ఒక్కటే తక్కువ, ఎర్ర గుడ్డ పార్సిల్ రాలేదు, తెల్లదే ఉంది, దేవుడికి కోపం వస్తుందా బాబూ అని. రాదమ్మా, ఉతికి ఇస్త్రీ చేసి తెల్లదే వేయండి, పరిశుద్ధాత్మ గుడ్డ రంగు చూసి రాడు అన్నాను. తెల్ల గుడ్డతోనే ఆరాధన జరిగింది. పార్సిల్ మంగళవారం వచ్చింది, వచ్చే ఏడాదికని మడిచి బీరువాలో పెట్టారట.