పక్షి కొవ్వులో 1600 పాళ్లు

పిల్లలూ, తాతయ్య ఆశీస్సులు.

పురుగుమందుల కీడు మీద అమెరికా రచయిత్రి రేచల్ కార్సన్ రాసిన ‘సైలెంట్ స్ప్రింగ్’ గురించి మన పెద్దమ్మాయి రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘పేర్లు పెట్టావు, వివరించలేదు’ అని టీచరు అంచున రాసి వెనక్కి ఇచ్చారని, నువ్వు రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగావని మీ అమ్మ చెప్పింది. తల్లీ, నాకు మటుకు ఆ మాట న్యాయంగానే తోచింది. చిన్నవాడు కూడా ఇది చదవాలి. వచ్చే ఏడాది వాడి నెత్తిన పడేదీ ఇదే.

ఎదుటివాళ్లను ఒప్పించడానికి అరిస్టాటిల్ చెప్పిన మూడు మార్గాలు మీకు తెలిసినవే. చెప్పే మనిషి మీద నమ్మకం కలిగిస్తే ఈథోస్, మనసును కదిలిస్తే పేథోస్, తర్కంతో ఒప్పిస్తే లోగోస్. చిక్కల్లా ఆ పేర్లు వంటపట్టాక వస్తుంది. ఊరగాయ జాడీలకు చీటీలు అంటించినట్టు ప్రతి పేరాకూ ఒకటి అంటించేస్తాం. ‘క్లియర్ లేక్ ఉదంతంలో కార్సన్ అంకెలు ఇచ్చారు, కాబట్టి ఇది లోగోస్’ అని రాసి నువ్వు తరువాతి పేరాకు వెళ్లిపోయావు.

ఆ పుటలు మళ్లీ తెరువు. కాలిఫోర్నియాలోని ఆ సరస్సు దగ్గర చేపలు పట్టేవాళ్లను దోమలాంటి చిన్న పురుగులు విసిగిస్తున్నాయని 1949లో నీళ్లలో డీడీడీ అనే పురుగుమందు కలిపారు. 1954లో మళ్లీ కలిపినప్పుడు మోతాదు 5 కోట్ల పాళ్ల నీటికి ఒక్క పాలు. అంత కొంచెం అంటే ఎవరికి భయం? ఆ శీతకాలంలో గ్రీబ్ అనే నీటిపక్షులు వందకు పైగా చచ్చిపడ్డాయి. తరువాత 1957లో మూడోసారి కలిపాక మరికొన్ని. అంటురోగమేమోనని చూస్తే జాడ లేదు. చివరికి ఎవరికో వాటి కొవ్వును పరీక్షించాలని తోచింది. పది లక్షల పాళ్లకు 1600 పాళ్ల మందు! నీటి లెక్కను కూడా అదే కొలతలోకి మార్చి చూడు, 0.02 వస్తుంది. నీటిలోని సూక్ష్మజీవుల నుంచి చేపలకు, చేపల నుంచి పక్షులకు అలా పోగుపడింది.

కార్సన్ ఆ 1600ను ముందే చెప్పేయలేదు. పక్షులు ఎందుకు చచ్చాయని మనమే అడిగేదాకా ఆగి, అప్పుడు చేతిలో పెట్టారు. తర్కమూ ఉలికిపాటూ ఒకే అంకెలో ఉన్నాయి. నీ వాక్యాన్ని ఇలా మార్చి చూడు: ‘మోతాదు అతి తక్కువని ముందు చెప్పి, రోగం కాదని తేల్చాక 1600ను బయటపెట్టడంతో, కొంచెమే కదా అన్న ధీమా పాఠకుడి మనసులోనే కూలిపోతుంది.’ కాస్త పొడవైంది. అయినా లోగోస్ అన్న మాట లేకుండానే పని జరిగింది. కావాలంటే ఆ మాట తరువాత చేర్చుకో.

ఒక పేరా మాత్రం కొట్టేయాలి. ‘క్యాన్సర్‌తో బాధపడుతూ రాశారు కనుక పేథోస్ బలంగా ఉంది’ అన్నావు. ఆమె జబ్బు నిజమే. పుస్తకం 1962లో వచ్చింది, 1964లో ఆమె పోయారు. కానీ క్యాన్సర్ మీద ఒక అధ్యాయమే రాసి కూడా అందులో తన ఊసెత్తలేదు, బయటి ప్రపంచానికి తెలియనివ్వలేదు. అప్పటి పాఠకుడికి తెలియని సంగతి అతని మనసును ఎలా కదిలిస్తుంది?

మొదటి అధ్యాయంలో పక్షులు, పశువులు చచ్చి మూగబోయిన కల్పిత ఊరి వల్ల ఆమె మీద నమ్మకం తగ్గిందన్నావు. ఇక్కడ నేను సగం నీ వైపే. ఆనాటి విమర్శకులూ దాని మీద పడ్డారు. అయితే ఆ ఊరు నిజంగా లేదని, ఆ కీడుల్లో ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒకచోట జరిగిందేనని అధ్యాయం చివర ఆమే ఒప్పుకుంటారు. నీ వ్యాసంలో ఆ ఒప్పుకోలు లేదు. అది చేర్చాక కూడా నీ అభిప్రాయం మారకపోతే ధైర్యంగా ఉంచు.

మందు కొట్టిన ఎల్మ్ చెట్ల ఆకులు తిన్న వానపాములు, వాటిని తిన్న రాబిన్ పిట్టల మీద నువ్వు రాసిన నాలుగు వాక్యాలు బాగున్నాయి, ముట్టుకోవద్దు. మిగతాది దిద్దాక ఆదివారం ఫోనులో పైకి చదివి వినిపించు. తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకో. వాడు ఎక్కడ ఆవలిస్తే అక్కడ పెన్సిలుతో గీత పెట్టు.

మీ తాతయ్య