బి ఖాతా, బోరు, ట్యాంకరు: బెంగళూరు శివారు ఇంటి వెనక కథ

అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్, సర్జాపుర, కె.ఆర్.పురం చుట్టుపక్కల స్థిరపడినవాళ్లు ఇల్లు కొనబోయేటప్పుడు మొదట తడబడేది ‘ఖాతా’ దగ్గరే. పట్టాదారు పాస్‌బుక్ చూసి అలవాటైన కంటికి ఇదీ హక్కు పత్రంలాగే కనిపిస్తుంది. కానే కాదు. ఆస్తి పన్ను ఎవరి పేరున వసూలు చేయాలో రాసుకున్న పద్దు, అంతే. హక్కు తేలేది సేల్ డీడ్‌లో, దాని వెనకున్న లింకు డాక్యుమెంట్లలో.

మరి ‘బి’ ఎక్కణ్నుంచి వచ్చింది? పొలం ఇళ్ల స్థలం కావాలంటే 1964 నాటి కర్ణాటక భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షన్ కింద కన్వర్షన్ కావాలి. సాగు భూమిని వేరే అవసరానికి మార్చే మన నాలా అనుమతి లాంటిదే. ఆపైన లేఔట్ ఆమోదం. ఊరి చుట్టూ చాలా చేలను ఈ తతంగమేదీ లేకుండానే 30×40 ముక్కలుగా కోసి అమ్మేశారు. వాటినే రెవెన్యూ సైట్లంటారు. 2007లో ఏడు నగర పురసభలు, ఒక పట్టణ పురసభ, 110 గ్రామాలు పాత నగరంతో కలిసి బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె) అయ్యాక అలాంటి సైట్లెన్నో నగరంలోకొచ్చి పడ్డాయి. పాలికెకు పన్ను వదులుకోవడం ఇష్టం లేదు, సక్రమమని ఒప్పుకోవడానికి చట్టం లేదు. అందుకే వాటికి వేరే రిజిస్టరు పెట్టారు. అదే బి. అన్నీ సక్రమంగా ఉన్నవాటిది ఎ.

జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే అక్రమ-సక్రమ పథకంతో వీటిని గట్టెక్కించాలని చూస్తే 2017 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2025 నవంబరులో బి నుంచి ఎ కి మార్చే పథకం తెరిచినప్పుడు రుసుము గైడెన్స్ విలువలో (రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టిన కనీస విలువ) 5 శాతం. గైడెన్స్ విలువ 36 లక్షలుంటే 1.80 లక్షలన్నమాట. చాలా బ్యాంకులు బి ఖాతాకు అప్పివ్వడానికి వెనకాడతాయి, ఇచ్చే ఫైనాన్స్ సంస్థలు వడ్డీ ఎక్కువ లాగుతాయి. సైటు చవగ్గా వచ్చిందని మురిసిపోయేవాళ్లు ఈ రెండూ కలిపి చూడరు.

రిజిస్ట్రేషన్ ఖర్చు 2025 ఆగస్టు 31 నుంచి పెరిగింది. నగరంలో 80 లక్షల ఫ్లాటుకు స్టాంపు డ్యూటీ 4 లక్షలు, దానిపై సెస్సు 40 వేలు, సర్‌ఛార్జీ 8 వేలు, రిజిస్ట్రేషన్ ఫీజు 1.60 లక్షలు. మొత్తం 6.08 లక్షలు. ఈ ఫీజు అంతకుముందు సగమే.

ఇవన్నీ ఒక్కసారి కట్టేవి. నెలనెలా కోసేది నీళ్లు. 2007లో కలిపిన 110 గ్రామాల కోసం తలపెట్టిన కావేరి తాగునీటి పథకం ఐదో దశ, రోజుకు 77.5 కోట్ల లీటర్లది, మొదలైంది 2024 అక్టోబరులో. మధ్యలో పదిహేడేళ్లు శివారు బతికింది బోర్ల మీద, ట్యాంకర్ల మీద. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి రేట్లు ఆకాశానికంటితే జిల్లా యంత్రాంగం 12 వేల లీటర్ల ట్యాంకరుకు 5 కిలోమీటర్లలోపు 1,000, 10 కిలోమీటర్లలోపు 1,200 రూపాయలుగా కట్టడి చేసింది.

మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. వంద ఫ్లాట్లకు 54 వేలు, అంటే రోజుకు నాలుగున్నర ట్యాంకర్లు. బోరు పూర్తిగా ఎండితే, ఆ కట్టడి ధరకే దొరికినా, ఫ్లాటుకు నెలకు 1,350 నుంచి 1,620 రూపాయలు. మురుగు లైను లేనిచోట ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) కరెంటు బిల్లు, దాన్ని నడిపే మనిషి జీతం దీనికి అదనం. కావేరి పైపు రోడ్డు దాకా వచ్చినా నీళ్లు సంపులో వాటంతటవే పడవు. అపార్ట్‌మెంటు దరఖాస్తు చేసి ప్రొ-రేటా ఛార్జీలు, అంటే కట్టడం విస్తీర్ణాన్ని బట్టి వేసేవి, కట్టాలి. పాత ఫ్లాటు కొంటుంటే ఆ రసీదు ఉందేమో అసోసియేషన్‌ను అడగండి. గేటు దగ్గర ట్యాంకర్ల పుస్తకం ఉంటే ఏప్రిల్ పేజీలు తిప్పి చూడండి, సెప్టెంబరువి కాదు.