క్యాంపస్ చర్చా బోర్డులపై కత్తెర: గొడవ ఎక్కడ మొదలైంది

1989 ఆరంభంలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ కంప్యూటర్ల నుంచి ఒక జోకుల బోర్డును తీసేశారు. దాని పేరు రెక్.హ్యూమర్.ఫన్నీ. తీసేయమన్నది కోర్టూ కాదు, ప్రభుత్వమూ కాదు. కంప్యూటర్లు చూసుకునే అధికారులే ఆ నిర్ణయం తీసుకున్నారు. ఆన్‌లైన్ చర్చల్లో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో యూనివర్సిటీ చెప్పొచ్చా అని ఈ రోజు వాదించుకునేవాళ్లు అప్పటి మాటలనే మళ్లీ మళ్లీ వాడుతున్నారు.

ఆ బోర్డులు యూజ్‌నెట్ అనే వ్యవస్థలో ఉండేవి. దాన్ని 1979లో డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ తలపెట్టారు. పక్కనే ఉన్న నార్త్ కరోలినా యూనివర్సిటీ నుంచి స్టీవ్ బెల్లోవిన్ తోడయ్యారు. యూజ్‌నెట్‌కు కేంద్రమంటూ ఏదీ లేదు. ఒకచోట రాసిన సందేశం ఫోన్ లైన్ల మీదుగా ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి చేరేది. ప్రతి యూనివర్సిటీ తన డిస్కులో ఒక కాపీ పెట్టుకునేది. అందుకే నిషేధం అంత తేలికైంది. సర్వర్‌లో బోర్డుల పేర్లుండే ఫైలులో నిర్వాహకుడు ఒక లైను చెరిపేస్తే సరిపోయేది. లైబ్రరీలో పుస్తకం తీస్తే అరలో ఖాళీ అయినా కనిపిస్తుంది. ఇక్కడ జాబితాలో పేరే ఉండదు. కొత్తగా చేరిన విద్యార్థికి అలాంటి బోర్డు ఒకటుందని తెలిసే దారే లేదు.

జోకుల బోర్డును 1987 నుంచి కెనడాలోని వాటర్లూలో ఉండే బ్రాడ్ టెంపుల్టన్ నడిపేవారు. వచ్చినవన్నీ పెట్టేవారు కాదు, ఏరి పెట్టేవారు. మరీ ఇబ్బందిపెట్టే జోకులను సంకేత లిపిలో పెట్టడం ఆ బోర్డు ఆనవాయితీ. ప్రతి ఇంగ్లిష్ అక్షరానికి బదులు దాని నుంచి 13వ అక్షరం వేసేవారు, ఎ ఉండాల్సిన చోట ఎన్ అన్నమాట. చదవాలనుకున్నవాళ్లు కావాలని మీట నొక్కి విప్పుకోవాలి. 1988 నవంబరులో స్కాట్లాండ్ వాళ్లు, యూదులు పిసినారులన్న పాత మూస మీద ఒక జోకు వచ్చింది. జర్మనీలో నాజీలు యూదుల ఇళ్లు, దుకాణాలు, ప్రార్థనామందిరాల మీద దాడి చేసిన రాత్రికి అప్పుడే 50 ఏళ్లు నిండాయి. అలాంటి రోజుల్లో ఆ జోకు చదివి మండిపడ్డవాళ్లను తప్పుపట్టలేం. వాళ్లకు కలిగిన బాధ నిజమైనదే. గొడవ పత్రికలకెక్కాక వాటర్లూ యూనివర్సిటీ ఆ బోర్డును ఆపేసింది. తర్వాత స్టాన్‌ఫర్డ్ అదే దారి పట్టింది.

స్టాన్‌ఫర్డ్‌లో ఎదురు నిలిచింది జాన్ మెకార్తీ. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అన్న పేరు పెట్టింది ఆయనే. ఆయన, తోటివాళ్లు సంతకాలు సేకరించారు. వాళ్ల వాదన చాలా సూటిగా ఉంది: చర్చా బోర్డుల సేకరణ లైబ్రరీ లాంటిది, ఒక పుస్తకం కొందరిని నొప్పించిందని లైబ్రరీలోంచి తీసేయం కదా, మరి ఇక్కడెందుకు తీయాలి? చివరికి యూనివర్సిటీ వెనక్కి తగ్గి బోర్డును మళ్లీ పెట్టింది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే గట్టి వాదన ఇదే. జోకు మంచిదని ఎవరూ అనలేదు. ఏది చదవాలో తేల్చే పని కంప్యూటర్ సిబ్బందిది కాదన్నారు, అంతే.

రెండేళ్లకు ఈ లైబ్రరీ పోలిక కోర్టు దాకా వెళ్లింది. 1991లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు, చందాదారులకు ఆన్‌లైన్ సేవలందించే కంప్యుసర్వ్ సంస్థను లైబ్రరీతో, పుస్తకాల షాపుతో పోల్చింది. అందులో వేరేవాళ్లు రాసినదానికి, అది తనకు తెలియనప్పుడు, సంస్థ బాధ్యత లేదని చెప్పింది. 1995లో న్యూయార్క్ రాష్ట్ర కోర్టు, అలాంటిదే మరో సంస్థ ప్రాడిజీ కేసులో ఇంకోలా అంది. ఆ సంస్థ తన బోర్డుల్లో కొన్ని సందేశాలను ఏరి తీసేసేది కాబట్టి ప్రచురణకర్త కిందే లెక్క అని తేల్చింది. అంటే చెయ్యి పెట్టి సరిచేయబోతే మిగతాదంతా మెడకు చుట్టుకుంటుందన్నమాట. యూనివర్సిటీ లాయర్లకు టెన్షన్ పట్టుకోవడంలో ఆశ్చర్యమేముంది?

ఈ రెండు తీర్పుల మధ్యలోనే, 1994 నవంబరులో, పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పెద్ద గొడవ జరిగింది. అక్కడి అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థి ఒకరు నెట్‌లోని అశ్లీల చిత్రాల మీద పరిశోధన చేశారు. ఆ వివరాలు యాజమాన్యానికి చేరాయి. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం, తెలిసి అశ్లీల సామగ్రి పంచడం నేరం. తెలియనంత కాలం వచ్చిన ముప్పేమీ లేదు, ఇప్పుడు తెలిసింది! దాంతో శృంగారానికి సంబంధించిన సుమారు 80 బోర్డులను తీసేస్తామన్నారు. వాటిలో బొమ్మలు పెట్టేవే కాదు, మనుషులు మాటలతో చర్చించుకునేవి కూడా ఉన్నాయి. విద్యార్థులు క్యాంపస్‌లో నిరసన సభ పెట్టారు. యాజమాన్యం కొంత దిగొచ్చి, మాటల బోర్డులను ఉంచి బొమ్మల బోర్డులను మాత్రం ఆపింది. చట్టానికి భయపడ్డవాళ్లు ముందు పెద్ద వల విసిరి, ఎవరైనా అరిచాక సగం చేపలను వదిలారు. అరిచేవాళ్లు లేని క్యాంపస్‌లో ఆ సగం కూడా వదిలేవారు కాదని నా నమ్మకం.

అదే పరిశోధన 1995లో టైమ్ పత్రిక ముఖచిత్ర కథనమైంది. లెక్కలు కట్టిన తీరు సరిగా లేదని నిపుణులు వెంటనే ఎత్తిచూపారు. కానీ అప్పటికే అది అమెరికన్ సెనేట్‌లో ప్రస్తావనకు వచ్చేసింది. నెట్‌లో అసభ్యతను నేరంగా మార్చే కమ్యూనికేషన్స్ డీసెన్సీ యాక్ట్ మీద 1996 ఫిబ్రవరిలో అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశారు. 1997 జూన్ 26న సుప్రీంకోర్టు అందులోని ఆ నిబంధనలను కొట్టేసింది. ప్రాడిజీ తీర్పుకు విరుగుడుగా, వేరేవాళ్లు రాసినదానికి సంస్థను ప్రచురణకర్తగా చూడకూడదంటూ అదే చట్టంలో చేర్చిన 230వ సెక్షన్ మాత్రం నిలిచింది.

సుప్రీంకోర్టు తీర్పు కట్టిపడేసింది ప్రభుత్వాన్నే. మాట్లాడే స్వేచ్ఛను కాపాడే, అమెరికా రాజ్యాంగంలోని మొదటి సవరణ ప్రైవేటు యూనివర్సిటీలకు వర్తించదు, స్టాన్‌ఫర్డ్, కార్నెగీ మెలన్ రెండూ ప్రైవేటువే. కాలిఫోర్నియా 1992లో లెనార్డ్ చట్టం తెచ్చి, ప్రైవేటు కాలేజీలు కూడా విద్యార్థుల మాటకు అదే రక్షణ ఇవ్వాలంది. మాటల మీద స్టాన్‌ఫర్డ్ పెట్టుకున్న నియమావళిని 1995లో అక్కడి కోర్టు కొట్టేసింది ఆ చట్టం కిందే. పెన్సిల్వేనియాలో అలాంటి చట్టం లేదు. అక్కడి ప్రైవేటు యూనివర్సిటీలో చదివే విద్యార్థికి, సర్వర్‌లో ఆ ఒక్క లైను చెరిపినప్పుడు చూపించడానికి యూనివర్సిటీ తనంతట తాను రాసిచ్చిన హామీ తప్ప ఇంకేమీ లేదు.