వెల్డింగ్ మెషిన్‌కు ఇంటి కరెంటు సరిపోతుందా?

ప్రియమైన పిల్లలకు,

ఇంట్లో వెల్డింగ్ మెషిన్ పెట్టుకుంటే ఏ ప్లగ్‌కు కలపాలని అడిగారు. పెద్ద మెషిన్‌ను మామూలు ప్లగ్‌కు కలపకూడదు. కారణం తెలిస్తే, పక్కన ఎవరైనా "ఏం కాదులే" అన్నా మీరు ఒప్పుకోరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మెషిన్ మీద 200 ఆంపియర్లు అని చూసి కంగారుపడకండి. అది వెల్డింగ్ రాడ్ దగ్గరికి వచ్చే కరెంటు. అక్కడ వోల్టేజి సుమారు 28 మాత్రమే, అంటే 5,600 వాట్లు. 230 వోల్టుల సప్లై మీద అది 24 ఆంపియర్లు అవుతుంది. మెషిన్‌లో పోయే నష్టం కలిపితే 30 దాకా వెళ్తుంది. అసలు అంకె నేమ్ ప్లేట్ మీద ఇన్‌పుట్ అన్నచోట ఉంటుంది. ముందు అది చదవండి.

ఇంటి ప్లగ్‌కు 16 ఆంపియర్లకని వేసిన వైరులో 30 ఆంపియర్లు పారితే వేడి మూడున్నర రెట్లవుతుంది, ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గోడలో ఉన్న వైరుకు ఆ వేడి వదిలించుకునే దారి లేదు. పైన ఇన్సులేషన్ మాడిపోతున్నా బయటికి కనిపించదు. చుట్ట విప్పకుండా వాడే ఎక్స్‌టెన్షన్ వైరుదీ ఇదే గతి.

ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే తానే పడిపోయి సప్లై ఆపేసే స్విచ్. అది ఉన్నది మెషిన్ కోసం కాదు, ఆ వైరును కాపాడటానికి. అది మాటిమాటికీ పడిపోతోందని వైరు మార్చకుండా పెద్ద ఎంసీబీ వేసేవాళ్లున్నారు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఆ పనే. ఇక ఎంసీబీ పడదు, ఇల్లు అంటుకుంటుంది. మెషిన్‌కు మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను, దానికి తగిన మందం వైరు, ఆ వైరుకు తగిన ఎంసీబీ ఉండాలి. ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే. మీరు బోర్డు విప్పవద్దు.

స్క్రూ సరిగ్గా బిగించకపోయినా ప్రమాదమే. లూజ్ కనెక్షన్‌లో 0.1 ఓమ్ నిరోధం ఉన్నా, 30 ఆంపియర్ల దగ్గర అక్కడ 90 వాట్ల వేడి పుడుతుంది. మామూలు సోల్డరింగ్ ఐరన్‌కు కూడా అంత ఉండదు! అదంతా ఒక్క స్క్రూ చుట్టూనే.

ఎర్త్ సంగతి జాగ్రత్తగా వినండి. ఇనుప ముక్కకు తగిలించే క్లాంపును చాలామంది ఎర్త్ అంటారు. అది వెల్డింగ్ కరెంటు తిరిగి వెళ్లే దారి మాత్రమే. మెషిన్ బాడీకి షాక్ రాకుండా చూసేది సప్లై వైరులోని ఎర్త్. ఒకటి ఉందని రెండోది వదిలేయకూడదు.

రాడ్ అంటించనప్పుడు కూడా దాన్ని పట్టి ఉంచే హోల్డర్ దగ్గర 60 నుంచి 80 వోల్టులు ఉండొచ్చు. చెమటతో తడిసిన గ్లౌజులతో పట్టుకోవద్దు. మీది ఇన్వర్టర్ రకం వెల్డింగ్ మెషిన్ అయితే స్విచ్ ఆపాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, మూత తీయకండి.

కొత్త లైను మీద మొదటిసారి పని చేశాక, కరెంటు ఆపి ప్లగ్ తీసి చేత్తో తాకి చూడండి. బాగా వేడెక్కి ఉంటే, మళ్లీ వాడే ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య