మంచు మాన్‌స్టర్ సినిమాను హైదరాబాద్ స్టూడియో ఫ్లోర్‌లో తీయాలంటే: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ కృష్ణానగర్ సినిమా ఆఫీసుల్లో తిరిగే కథల్లో ఇదొకటి ఎప్పుడూ ఉంటుంది. మంచు కొండల్లో ఒక చెక్క గది, అందులో ఇరుక్కుపోయిన నలుగురు, బయట తిరుగుతున్న ఏదో మృగం. చేతిలో డబ్బు తక్కువున్న కొత్త దర్శకులు ఈ కథ ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. లొకేషన్ ఒక్కటే, నటులు కొద్దిమందే, కథలో సగానికి పైగా రాత్రే. లెక్క తప్పేది ఖర్చు దగ్గర. డబ్బంతా మృగం మీద పెట్టి, మంచు సంగతి షూటింగ్‌కు రెండు రోజుల ముందు ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కు చెబుతారు. చలి నిజమేనని నమ్మిన ప్రేక్షకుడు సగమే కనిపించిన మృగాన్ని కూడా నమ్ముతాడు. హీరో కాళ్ల కింద థర్మాకోల్ గుళ్లు దొర్లుతుంటే మాత్రం ఎంత ఖరీదైన మృగమైనా బొమ్మే. అందుకే ముందు నేల సంగతి.

అపోహ: థర్మాకోల్ గుళ్లు, ఉప్పు పోసేస్తే మంచు అయిపోతుంది.

ముందు కొలత చూడండి. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు సెట్ అంటే 600 చదరపు అడుగులు. దాని మీద ఒక్క అంగుళం మందాన ఏం పరిచినా 50 ఘనపుటడుగులు, అంటే దాదాపు 1,400 లీటర్ల సరుకు కావాలి. ఉప్పు లీటరుకు సుమారు 1.2 కేజీలు తూగుతుంది కాబట్టి ఆ ఒక్క పొరకే 1,700 కేజీల దాకా అవుతుంది. మోసే మనుషులు, లారీ, తర్వాత ఎత్తిపోసే కూలీ అదనం. పైగా ఉప్పు ట్రాలీ పట్టాలను తుప్పు పట్టిస్తుంది, గడ్డిని చంపుతుంది, ఫ్యాన్ వేస్తే కళ్లను మండిస్తుంది.

థర్మాకోల్ గుళ్లలో అడుగుజాడ నిలవదు. మనిషి కాలు తీయగానే గుంట పూడిపోతుంది. గాలి పొడిగా ఉన్న రోజుల్లో గుళ్లు ఉన్ని బట్టలకీ నటి జుట్టుకీ అంటుకుంటాయి, దులిపినా పోవు. ఏసీ ఫిల్టర్లలో దూరతాయి. నిప్పంటుకుంటే ఆపడం కష్టం. థర్మాకోల్‌ను షీట్లుగా కింద వాడండి, గుళ్లుగా పైన మాత్రం వద్దు.

సరైన పద్ధతి పొరలుగా పేర్చడం. అడుగున ఇసుక బస్తాలు, పాత థర్మాకోల్ దిమ్మెలతో ఎత్తుపల్లాలు చేయాలి. దాని మీద తెల్ల కోరా గుడ్డ బిగించాలి. ఆ పైన రజాయిల్లో నింపే పాలిస్టర్ దూది రోల్స్ పరచాలి. కెమెరాకు దగ్గరగా ఉండే 10-12 అడుగుల మేర మాత్రమే ఖరీదైన పై పొర వేయాలి. అది కాగితపు మంచు. అంటే సన్నగా తురిమిన తెల్ల కాగితపు పీచు. స్ప్రే గన్‌తో నీళ్లు కొడుతూ చల్లితే పొరలుగా కూర్చుంటుంది, అడుగు వేస్తే అంచులు నిలుస్తాయి. నిప్పంటుకోకుండా మందు పట్టించిన రకమే తీసుకోవాలి. చెక్క గదిలో పొయ్యి వెలిగించే సీన్ ఉంటే ఈ విషయంలో రాజీ వద్దు.

తడి మెరుపు కోసం నీళ్లు పీల్చే పాలిమర్ వాడతారు. సోడియం పాలీఅక్రిలేట్ దీని పేరు. పిల్లల డైపర్లలో ఉండేది కూడా ఇదే జాతి, కానీ ఆ గ్రేడు తెస్తే జిగురు ముద్ద అవుతుంది. మంచులా పొడిపొడిగా పొంగే గ్రేడు వేరు, దాన్నే అడగాలి. హైదరాబాద్‌లో దీన్ని పాడుచేసేది బోరు నీళ్లు. నీళ్లలో కాల్షియం, ఉప్పు ఎంత ఎక్కువుంటే పాలిమర్ అంత తక్కువ పొంగుతుంది. బస్తా విప్పే ముందు రెండు గ్లాసులు తీసుకుని ఒక్కో చెంచా పొడి వేయండి. ఒకదాంట్లో ఫ్లోర్‌లో దొరికే నీళ్లు, రెండోదాంట్లో ఆర్వో నీళ్లు పోయండి. నిమిషంలో తేడా కంటికి కనిపిస్తుంది. పాలిమర్ మీద ఉప్పు చల్లితే మొత్తం నీరు కక్కేస్తుంది కాబట్టి ఆ రెండూ కలపకూడదు. పాలిమర్ పడిన సిమెంటు నేల సబ్బు రాసినంతగా జారుతుంది. ఫైటర్లు పరిగెత్తే దారిలో కాగితమే ఉండాలి.

బేగంబజార్‌లో పేరులేని తెల్ల పొడి చౌకగా దొరికిందని తెచ్చి ఫ్యాన్ ముందు పోయకండి. 1930ల్లో హాలీవుడ్‌లో ఆస్బెస్టాస్‌ను సైతం మంచుగా వాడారు. ఊపిరితిత్తుల్లోకి ఏం వెళ్తుందో తెలియకుండా ఏ పొడీ గాలిలోకి వదలకూడదు. తెలిసిన సరుకైనా సరే, ఫ్యాన్ దగ్గర నిలబడే సెట్ బాయ్‌కి మాస్కు, కళ్లద్దాలు ఇచ్చాకే స్విచ్ వేయాలి.

అపోహ: గుల్మార్గ్ వెళ్లి తీసేస్తే ఈ తలనొప్పులేవీ ఉండవు.

వేరే తలనొప్పులుంటాయి. అక్కడి ఎత్తు సుమారు 8,700 అడుగులు. యూనిట్ అడుగు నెమ్మదిస్తుంది, బ్యాటరీలు చలికి త్వరగా దిగిపోతాయి. వాటిని స్వెటర్ లోపలి జేబుల్లో ఒంటి వేడికి ఉంచాలి. కెమెరాను బయటి నుంచి నేరుగా వెచ్చటి గదిలోకి తెస్తే లెన్సు మీద, లోపల కూడా తేమ పడుతుంది. బయటే గాలి చొరని కవర్‌లో మూసి, గదిలో వేడికి వచ్చాకే విప్పాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు అడుగుజాడలు. కెమెరా అసిస్టెంట్ ఒక్కసారి తెలియక ఫ్రేమ్‌లో నడిస్తే ఆ తెల్ల మైదానం ఆ రోజుకు పోయినట్టే. ముట్టని మంచు కావాల్సిన షాట్లు ముందు, నడక తర్వాత, పోరాటం ఆఖరున వచ్చేలా వేసుకోవాలి. ఫ్లోర్‌లోనూ ఇదే వరుస. తక్కువ బడ్జెట్‌కు కుదిరే దారి ఏమిటంటే, కొద్దిమంది యూనిట్‌తో వెళ్లి వైడ్ షాట్లు, వెనక నుంచి నడిచే షాట్లు రెండు రోజుల్లో తెచ్చుకుని, ముఖాలు, మాటలు, మృగం అన్నీ హైదరాబాద్ ఫ్లోర్‌లో తీయడం. అక్కడ వెలుగు ఏ వైపు నుంచి పడిందో, ఆకాశం మబ్బుగా ఉందో ఎండగా ఉందో షాట్ షాట్‌కీ రాసుకుని రావాలి.

అపోహ: మంచు తెల్లగా ఉంటుంది కాబట్టి తెల్ల లైటు కొడితే చాలు.

కెమెరాలో వెలుగు కొలిచే మీటరు తెలుపును కూడా బూడిద రంగుగానే లెక్కిస్తుంది. దాని మాట వింటే మంచు మురికిగా వస్తుంది. పగటి సీన్లలో ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుగు) ఒకటి నుంచి రెండు స్టాపులు పెంచాలి, ఒక్కో స్టాపు అంటే వెలుగు రెట్టింపు. అయితే రేణువులు కనబడకుండా వట్టి తెలుపైపోయేంతగా కాదు. మంచు మీది నీడలు నీలంగా ఉంటాయి, ఎందుకంటే నీడలో పడేది ఆకాశపు వెలుగే. రాత్రి సీన్‌కు కెమెరా వైట్ బ్యాలెన్స్‌ను 4300 కెల్విన్ (వెలుగు రంగు కొలత) దగ్గర పెట్టి, గదిలో 3200 దీపాలు, బయట 5600 లైట్లు వేస్తే లోపలి వెచ్చదనం, బయటి చలి రెండూ లైటుకు రంగు జెల్ కాగితం కట్టకుండానే విడిపోతాయి.

అపోహ: నోటి ఆవిరి సీజీలో (కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో) పెట్టుకోవచ్చు, లేదంటే ఏసీ పెంచితే వస్తుంది.

ఏసీ 18 డిగ్రీలకు తెచ్చినా ఆవిరి కనబడదు. 7 డిగ్రీల కన్నా కిందికి వెళ్తే తప్ప నమ్మకంగా రాదు. 1982లో వచ్చిన 'ద థింగ్' సినిమాకు లాస్ ఏంజెలెస్‌లో స్టేజీలనే శీతలీకరించారు. మనకది కుదరదు. కూరగాయలు, పండ్లు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో ఒక మూల పూటకు అద్దెకు దొరికితే పని అయిపోతుంది. వెనక నల్ల గుడ్డ కట్టి, వెనక పక్క నుంచి ఒక్క లైటు వేసి, డైలాగు పలికిస్తూ ఆవిరిని మాత్రమే తీసుకోవాలి. నల్లటి భాగం తీసేసి దాన్ని అసలు షాట్ మీద కూర్చడం ఎడిటింగ్ తెలిసిన కుర్రాడు చేయగల పనే. షాట్‌కు ముందు నటుడికి గోరువెచ్చని నీళ్లు తాగించండి. చలి అనుభూతి కోసమని ఐస్ ముక్క నోట్లో పెట్టుకుంటే ఉన్న ఆవిరి కూడా పోతుంది.

ఇంకో మాట. తెల్ల మంచు ముందు తెల్ల ఆవిరి కనబడదు. ఊపిరి ముఖ్యమైన షాట్లో నటుడి వెనక చెట్టు మానో, చెక్క గోడో, చీకటో ఉండాలి. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా అందరూ మరిచిపోతారు.

అపోహ: డ్రై ఐస్ పొగ ప్రమాదం లేనిది.

డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. 1 కేజీ ఆవిరైతే 500 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది గాలి కన్నా బరువైనది, గుంటల్లో చేరుతుంది. మృగం మంచులోంచి లేచే సీన్ కోసం తవ్విన గోతిలో మనిషిని పడుకోబెట్టి పైనుంచి ఈ పొగ వదలడమంటే ఊపిరి ఆడనివ్వకపోవడమే. గోతిలో మనిషి ఉంటే డ్రై ఐస్ వాడొద్దు. ఫ్లోర్‌లో వాడితే తలుపులు తెరిచి ఉంచాలి. దాని చలి మైనస్ 78 డిగ్రీలు, వట్టి చేత్తో ముట్టుకోకూడదు. బిగుతు మూత ఉన్న డబ్బాలో పెడితే పేలుతుంది.

అపోహ: మంచు మృగమంటే తెల్లగా, పొడవాటి వేళ్లతో, పెద్ద చెవులతో ఉండాలి.

చలి దేశపు జంతువుల శరీరం సాధారణంగా పెద్దదిగా, అవయవాలు పొట్టిగా ఉంటాయి. 1847లో బెర్గ్‌మన్ ఒంటి పరిమాణం గురించి, 1877లో ఆలెన్ చెవులు, కాళ్ల గురించి చెప్పిన సూత్రాలివి. ఒంట్లో వేడి నిలవడానికే ఆ ఆకారం. సన్నటి పొడవు వేళ్ల మృగం ఎడారిదిలా ఉంటుంది. మందపాటి మెడ, చిన్న చెవులు, వెడల్పు పాదాలు పెట్టండి. ప్రేక్షకుడికి సూత్రం తెలియకపోయినా కన్ను ఒప్పుకుంటుంది.

రంగు కూడా అంతే. ధ్రువపు ఎలుగు చర్మం నలుపు, బొచ్చు నిజానికి రంగులేనిది, మంచు పక్కన పసుపుగా కనిపిస్తుంది. పూర్తి తెల్ల ఫర్ కొంటే కెమెరాలో మంచులో కలిసిపోతుంది, దాన్ని ఫ్రేమ్‌లోంచి వేరుచేయడం వీఎఫ్ఎక్స్ (కంప్యూటర్‌లో దృశ్యాలు కూర్చే) వాళ్లకు నరకం. మీగడ రంగు ఫర్ తీసుకుని, అంచులకు టీ డికాషన్ రంగు పట్టించి, ముక్కు, పెదవులు నల్లగా ఉంచితే చాలు. ఫర్‌ను కత్తెరతో కాదు, వెనక గుడ్డ వైపు నుంచి బ్లేడుతో కోయాలి. లేకపోతే వెంట్రుకలు తెగి అతుకు గీతలా కనిపిస్తుంది.

అపోహ: తల నుంచి కాళ్ల దాకా సూట్ చేయించాల్సిందే.

స్టోరీబోర్డు (షాట్ల బొమ్మల వరుస) ముందేసుకుని మృగం షాట్లన్నీ లెక్కపెట్టండి. ఎక్కువ భాగం ఒక చెయ్యి, ఒక భుజం, దవడ, ఒక కన్ను, వెనక నుంచి నీడ. ఈ ముక్కలే చేయించి, పూర్తి ఆకారాన్ని మంచు తుఫానులో వెనక లైటుతో నీడగా చూపించండి. రెండు పెద్ద ఫ్యాన్లు, కాగితపు మంచు ఉంటే తుఫాను వస్తుంది. సెట్ ఎక్కడ అయిపోయిందో అది దాచేస్తుంది కూడా.

చెయ్యి ఎలా చేయాలంటే: సైజు మనిషి చేతికి ఒకటిన్నర రెట్లు. మట్టితో చేసి, రెండు ముక్కల పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) అచ్చు తీయాలి. అచ్చు గోడ రెండంగుళాల మందం ఉండాలి, లోపల నార వేయాలి. అచ్చు పూర్తిగా ఆరాక లేటెక్స్ (ద్రవ రబ్బరు) పోసి అరగంట ఉంచి, మిగిలింది వంపేయాలి. పీఓపీ నీటిని పీల్చుకోవడం వల్లే గోడకు పొర కడుతుంది, అందుకే అచ్చు లోపల నూనె, వాజ్‌లైన్ రాయకూడదు. ఎండాకాలం ఒక రోజులో ఆరుతుంది, వానాకాలం రెండు మూడు రోజులు పడుతుంది. ఆ తొందరలో తీసినవే చిరుగుతాయి. తీసే ముందు లోపల టాల్కం పౌడర్ చల్లకపోతే రబ్బరు రబ్బరుకే అతుక్కుంటుంది. లేటెక్స్ ఆరితే కాస్త కుంచించుకుపోతుంది, మట్టిబొమ్మ కొంచెం పెద్దదిగా చేయండి.

సిలికాన్ అందంగా ఉంటుంది కానీ ప్లాటినం రకం సిలికాన్ గంధకం ఉన్న మోడలింగ్ మట్టి మీద, లేటెక్స్ మీద గట్టిపడదు. బంకబంకగా మిగిలిపోతుంది. మూతంత ముక్క పోసి పరీక్షించకుండా పెద్ద అచ్చు నింపకండి. సిలికాన్‌కు మామూలు రంగులు కూడా అంటవు.

లేటెక్స్ ముసుగుకు మన దగ్గర ప్రత్యేక శత్రువు కొబ్బరినూనె. నూనె సహజ రబ్బరును మెత్తబరిచి పాడుచేస్తుంది. ముసుగు వేసుకునే మనిషి తలస్నానం చేసి రావాలి, తలకు లైక్రా టోపీ ఉండాలి. సూట్‌ను ఎండలో ఆరేయొద్దు, నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టాలి.

అపోహ: సూట్‌లో ఉన్నవాడు ఫైటర్ కదా, తట్టుకుంటాడు.

ఫోము, ఫర్ వేసుకున్న ఒంటి నుంచి చెమట ఆవిరి కాదు, వేడి బయటికి పోదు. ఎంత బలమున్నా ఇది మారదు. ఏప్రిల్, మే నెలల్లో కాల్‌షీట్ రాత్రికి పెట్టండి. ఒక విడతకు 15 నిమిషాలకు మించొద్దు, కట్ చెప్పగానే ముందు తల తీయాలి. లోపల చిన్న ఫ్యాన్ ఉండాలి. జిప్పు బయటి నుంచి ఒక్క చేత్తో తెరుచుకోవాలి, దాన్ని తెరిచే మనిషి వేరే ఏ పనీ పెట్టుకోకూడదు. లోపలున్నవాడికి మాట సరిగా వినపడదు, కాబట్టి చేతి సైగ ముందే అనుకోవాలి. ఓఆర్ఎస్ దగ్గరుండాలి. మాట తడబడినా, తల తిరుగుతోందన్నా సూట్ కోసేయండి, ఒంటి మీద నీళ్లు పోసి గాలి విసరండి, 108కి ఫోన్ చేయండి. సూట్ మళ్లీ కుట్టుకోవచ్చు.

మిగతా నటుల ఉన్ని కోట్లకు వీపు భాగంలో లోపలి లైనింగ్ తీసేయమని కాస్ట్యూమర్‌కు చెప్పండి. కాలరు, కఫ్‌లు మందంగా ఉంటే చాలు. గడ్డం మీది మంచు కోసం విడిగా అల్లిన గడ్డానికి కరిగించిన పారాఫిన్ మైనం ముందే అంటించి, చల్లారాక అతికించాలి. వేడి మైనం ముఖం మీద పెట్టకూడదు. కిటికీ అద్దానికి వేడి నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ కరిగినంత కరిగించి, రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి బ్రష్‌తో రాస్తే ఆరేకొద్దీ మంచు పూలు విచ్చుకుంటాయి. దగ్గర షాట్లో దాన్ని మించింది లేదు.

అపోహ: మంచులో నడక చప్పుడు ఫ్లోర్‌లోనే వస్తుంది.

రాదు. కాగితం అడుగుల కింద మెత్తగా నలుగుతుంది, ఫ్యాన్ల హోరు అదనం. గుడ్డ సంచిలో అర కేజీ కార్న్‌ఫ్లోర్ పోసి, మైకు దగ్గర అడుగు లెక్కన పిండితే గడ్డకట్టిన మంచు కిర్రుమనే చప్పుడు వస్తుంది. మృగానికి రెండు కేజీల సంచి తీసుకుని, పిండడం నెమ్మదిగా చేయాలి.

అపోహ: ప్యాకప్ తర్వాత పైపుతో కడిగేస్తే ఫ్లోర్ శుభ్రం.

నీళ్లు తగిలితే పాలిమర్ ఇంకా పొంగి మోరీని మూసేస్తుంది. ముందు రాతి ఉప్పు చల్లి అరగంట ఆగండి. గుజ్జు నీరొదిలి కుంచించుకుపోతుంది. దాన్ని పారతో ఎత్తి సంచుల్లో కట్టాలి. ఆ ఉప్పు నీళ్లను స్టూడియో చెట్ల మొదట్లో పోయనివ్వకండి.